మైకు ముందు గొంతు వణుకుతోంది

ప్రశ్న: అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఆరేళ్లుగా అన్నమయ్య కీర్తనలు నేర్చుకుంటున్నాను. ఇంట్లో బాగానే పాడతాను. పోయిన నెల మా వీధి గుడిలో మైకు ముందు నిలబడేసరికి కాళ్లు వణికాయి, నోరెండిపోయింది, రెండో చరణం గుర్తే రాలేదు. వచ్చే నెల కాలేజీలో పోటీ ఉంది. ఏదో బిళ్ల వేసుకుంటే టెన్షన్ ఉండదని ఫ్రెండ్ అంటోంది. వేసుకోవచ్చా మేడమ్?

జవాబు: వద్దమ్మా. ఇలాంటప్పుడు కొందరు వాడేది ప్రొప్రనలాల్ అనే మందు. గుండె దడ తగ్గిస్తుంది గానీ, ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. డాక్టరు చూసి రాయందే ముట్టుకోకు.

కడపలో ముప్పై ఏళ్లుగా సంగీతం చెప్తున్నాను. ఇప్పటికీ కచేరీ ముందు నా అరచేతులు చల్లబడతాయి. భయమేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. దడ, వణుకు దాని పనే, నీకు పాట రాక కాదు తల్లీ.

నా మొదటి కచేరీలో కంగారుకు గొంతు బిగుసుకుపోయి, పల్లవే పై శ్రుతిలో ఎత్తుకున్నాను. చరణానికి గొంతు అందలేదు. పక్కన వయొలిన్ ఆయన నా వంక చూడనైనా చూడకుండా, నేను అందుకునేదాకా షడ్జం, అదే ‘స’ స్వరం, ఒక్కటే లాగుతూ కూర్చున్నాడు. అప్పట్నుంచీ నోరు తెరిచే ముందు పెదాలు మూసి షడ్జం మీద నెమ్మదిగా హుంకారం చేస్తాను, నాలుగు ఊపిర్లు. ఊపిరి పీల్చినదానికంటే వదలడం నిదానంగా ఉండాలి. దానికే గుండె వేగం తగ్గుతుంది.

చరణం మరిచిపోవడానికి ఇంకో కారణం ఉంది. మనం ఎప్పుడూ పల్లవి నుంచే సాధన చేస్తాం. మధ్యలో తెగితే మళ్లీ అందుకోవడం రాదు. అంట్లు తోముతూ ఉన్నట్టుండి రెండో చరణం ఎత్తుకో. మూడోది ఎత్తుకో. ప్రతి చరణం మొదటి మాట విడిగా నోటికి రావాలి.

ఈ నెలంతా జనం ముందు పాడు. ముందు పక్కింటి అత్తవాళ్ల ముందు, తర్వాత శనివారం భజనలో, ఆ తర్వాత కాలేజీ స్టేజీ మీదే ఒకసారి. 1885లో మన కడప జిల్లా సురభి ఊళ్లో మొదలైన నాటక కుటుంబాల్లో పిల్లల్ని చంకన ఉన్నప్పుడే రంగస్థలం ఎక్కించేవాళ్లు. వాళ్లకది ఇంటి వరండాతో సమానం. మనకు ఆ అదృష్టం లేదు కాబట్టి ఇలా మెట్టుమెట్టుగా అలవాటు చేసుకోవాలి.

పోటీ రోజు కాఫీ మానెయ్. ఏ కీర్తన పాడుతున్నావో రాయలేదు. చరణం బాగా పైకి వెళ్లేదైతే, శ్రుతిపెట్టె ఒక అర శ్రుతి తగ్గించి పెట్టుకో.