మెకాలే కంటే 41 ఏళ్ల ముందే మొదలైంది

మనవాళ్లు ఇంగ్లీషులో రాయడం బ్రిటిష్ అధికారి మెకాలే వల్లే మొదలైందా, చదవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి అని అడిగారు కదా. ఎంఏలో నేనూ అలాగే అనుకున్నాను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ని, గైడు బట్టీ పట్టి 1835 నాటి మెకాలే మినిట్ (మనకి ఇంగ్లీషు చదువులు పెట్టాలని ఆయన రాసిన నోటు) మీద రెండు పేజీలు నింపేశాను, మార్కులూ పడ్డాయి. తర్వాత తెలిసింది, పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1794లోనే ఐర్లండ్‌లోని కార్క్‌లో తన ప్రయాణాల పుస్తకం ఇంగ్లీషులో అచ్చేయించాడని (ఆయనే తర్వాత లండన్‌లో మన వంటల హోటల్ పెట్టి దివాలా తీశాడు, అది వేరే కథ). మెకాలే తర్వాత ఇంగ్లీషు చదువులు పెరిగాయి, రాసేవాళ్లూ పెరిగారు, అంతే.

నన్నడిగితే అసలు మలుపు, దొరల్లా రాయాలన్న యావ వదిలాకే. మన హైదరాబాద్ సరోజినీ నాయుడే మొదట్లో ఇంగ్లండ్ పక్షుల మీద కవితలు రాస్తే, అక్కడి విమర్శకుడు ఎడ్మండ్ గాస్ అవి పక్కన పెట్టి మీ దేశం గురించి రాయమన్నాడు. 1930ల్లో నవలాకారులు ముల్క్ రాజ్ ఆనంద్, ఆర్కే నారాయణ్, రాజారావు వచ్చారు. నారాయణ్ తొలి నవలను ఎవరూ వేసుకోకపోతే విసుగొచ్చి, రాయి కట్టి థేమ్స్‌లో పడేయమని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడికి రాశాడు. అతను పడేయకుండా ఇంగ్లీషు నవలాకారుడు గ్రాహం గ్రీన్‌కి చూపించాడు, 1935లో అచ్చయింది.

రాజారావు 'కాంతాపుర' (1938) మాత్రం నాకు పది పేజీలు దాటలేదు. వాక్యం ఎక్కడా ఆగదు, 'అండ్', 'అండ్' అంటూ పోతూనే ఉంటుంది. సెలవులకి ఊరెళ్తే మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని పక్కింటావిడకి పెళ్లి గొడవ చెబుతోంది, "అప్పుడేమో వాడొచ్చాడా, రాగానే వీళ్లు లేచారా, ఇంతలో..." అంటూ ఊపిరి తీసుకోకుండా. అప్పుడు వెలిగింది! ఆ నవలలోనూ కథ చెప్పేది ఊళ్లో ముసలావిడే. ఆ రాత్రి పైకి చదివాను, తెల్లారేసరికి సగం అయిపోయింది.

తర్వాతివి మీరు వినే ఉంటారు, సల్మాన్ రష్దీ 1981లో, అరుంధతీ రాయ్ 1997లో ఇంగ్లీషు నవలలకిచ్చే బుకర్ బహుమతి తెచ్చుకున్నారు. ఈ సాహిత్యం చరిత్రను 1962లో పెద్ద పుస్తకంగా రాసిన కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రొఫెసరే.

మీరైతే నారాయణ్‌తో మొదలుపెట్టండి, భాష తేలిక. రష్దీ జోలికి ముందే పోకండి, నేను రెండుసార్లు మధ్యలో వదిలేశాను. రాజారావుని పైకి చదవండి, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే.