వంట వీడియో దొంగిలించిన ఛానెల్‌పై యూట్యూబ్‌లో ఫిర్యాదు: సమాధానం

మీ గోంగూర పచ్చడి వీడియోను వేరే ఛానెల్‌వాళ్లు పెట్టుకున్నారని, ‘రిపోర్ట్’ ఎన్నిసార్లు నొక్కినా కదలిక లేదని రాశారు కదండీ. ఆ బటన్ ప్రధానంగా అశ్లీలత, స్పామ్ లాంటివాటికి. కాపీరైట్‌కు దారి వేరు.

కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో (మీ ఛానెల్‌ను నడుపుకునే పేజీ) తెరిచి, కాపీరైట్ కింద కొత్త తొలగింపు అభ్యర్థన పెట్టండి. మీ అసలు వీడియో లింకు, వాళ్ల లింకు ఇవ్వాలి. కొంత భాగమే వాడుకుంటే ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకానో రాయండి. పూర్తి పేరు తప్పనిసరి. అది అవతలివాళ్లకూ కనిపించవచ్చు. ఈలోగా మీ అసలు వీడియోను మాత్రం డిలీట్ చేయకండి, ఆధారం అదే.

వెంటనే తీసేయమంటే వాళ్లకు స్ట్రైక్ (ఛానెల్‌పై నమోదయ్యే తప్పు) పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోయే ప్రమాదం. 7 రోజుల గడువు ఇచ్చి, ఈలోపు వాళ్లే తీసేస్తే స్ట్రైక్ ఉండదు. తెలిసినవాళ్లయితే ఇదే మేలు.

చాలామంది చిక్కుకునేది ప్రతివాదన దగ్గర. వీడియో తీసేయడం సరికాదంటూ వాళ్లు కౌంటర్ నోటిఫికేషన్ పంపితే, 10 పనిదినాల్లో మీరు కోర్టుకు వెళ్లినట్టు ఆధారం చూపాలి. లేదంటే వీడియో మళ్లీ వచ్చేస్తుంది.

ఒక్క మాట: వాళ్లు అదే పచ్చడిని సొంతంగా చేసి చిత్రీకరించి ఉంటే ఫిర్యాదు నిలవదు. కాపీరైట్ మీ చిత్రీకరణకే గానీ, దినుసుల కొలతలకు కాదు.