హైదరాబాద్ నుంచి డల్లాస్: టికెట్ మీద 13 గంటలు, అసలు ప్రయాణం 23న్నర

శంషాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరం, ఎన్ని గంటలు పడుతుంది, అమ్మ ఒక్కతే వెళ్లగలదా అని అడిగారు కదండీ. మా అమ్మ కూకట్‌పల్లి నుంచి మా చెల్లి దగ్గరికి రెండుసార్లు ఒక్కతే వెళ్లింది. రెండు టికెట్లూ నేనే బుక్ చేశాను.

నేరుగా లెక్కేస్తే దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం పెట్టి చూడండి, ఆ దారం ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది. దుబాయ్‌లో మారితే మొదట దాదాపు 2,550, అక్కడి నుంచి 12,900 పైన, మొత్తం 15,500 దాకా అవుతుంది. చుట్టు తిరిగినందుకు పెరిగేది గాలిలో గంట, గంటన్నర, అంతే. మీరు చూసుకోవాల్సింది మధ్యలో ఎంతసేపు ఆగాలనేది.

మొదటిసారి నేను తప్పు చేశాను. తొందరగా చేరుతుందని మధ్యలో గంటా ఇరవై నిమిషాలే ఉన్న టికెట్ తీసుకున్నాను. మొదటి విమానం ఆలస్యంగా దిగింది, రెండోది వెళ్లిపోయింది. తర్వాతి విమానం మర్నాడే. భాష రాని చోట అమ్మ రాత్రంతా కుర్చీలో కూర్చుంది. షుగర్ మాత్రలేమో చెక్‌ఇన్ చేసిన సూట్‌కేసులో ఉండిపోయాయి. ఆ రాత్రి నాకు పట్టిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. దయచేసి మూడు గంటలకు తక్కువ ఉన్న టికెట్ తీసుకోకండి.

రెండోసారి వేసవిలో దుబాయ్ మీదుగా వెళ్లింది. తెల్లవారుజామున 4కి ఇక్కడ బయల్దేరి, అదే రోజు సాయంత్రం 5కి డల్లాస్ చేరుతుందని టికెట్ మీద ఉంది. నాన్న చూసి "పదమూడు గంటలేగా" అన్నారు. కానీ ఆ టైములు ఏ ఊరివి ఆ ఊరివే. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. ఆ పదిన్నర కలిపితే 23న్నర గంటలు: దుబాయ్ దాకా 4, అక్కడ మూడున్నర, తర్వాత ఒకే విడతలో 16. అమ్మ చేతి గడియారం మాత్రం మన టైములోనే ఉంచమన్నాను. మాత్రల మీద "ఉదయం 8", "రాత్రి 8" అని తెలుగులో రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టాను. దిగేదాకా ఆ గడియారం చూసే వేసుకుంది. మీ అమ్మగారు కూడా మాత్రలు వాడుతుంటే టైములు ఒకసారి డాక్టరుని అడిగి రాయండి.

టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని అడగండి. నడవగలిగినా సరే, గేటు వెతుక్కునే పని ఉండదు, భాష కూడా సమస్య కాదు.

తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్ నుంచి దుబాయ్‌కి గంటన్నర దాకా తగ్గుతుంది. తేదీ మాత్రం ముందుకు జరుగుతుంది. సోమవారం మధ్యాహ్నం ఎక్కితే మంగళవారం రాత్రికి శంషాబాద్. కారు మాట్లాడేటప్పుడు తేదీ సరిచూసుకోండి.

ఇంకో మాట. చెల్లి సరిగ్గా 5కే ఎయిర్‌పోర్టులో నిలబడింది. ఇమిగ్రేషన్, సామాను అయ్యి అమ్మ బయటికి వచ్చేసరికి ఆరున్నర. అక్కడ తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి ఆ సంగతి ముందే చెప్పి పెట్టండి, ఫోన్ ఎత్తట్లేదని కంగారు పడకుండా ఉంటారు.