రూమ్ బుక్ చేశానన్నావట

బరంపురం,
ఆదివారం

చిట్టికి,

మావయ్య రాసేది. నిన్న మీ అమ్మ ఇచ్ఛాపురం నుంచి ఫోన్ చేసింది. రథయాత్రకు మీ అత్తగారినీ మామగారినీ పూరీ తీసుకెళ్తున్నావట. రైలు టిక్కెట్లు, హోటలు, ఆటోలు అన్నీ నువ్వే చూసుకుంటున్నావట. "పది నిమిషాల్లో ఫోన్‌లోనే రూమ్ బుక్ చేసేసిందిరా" అని మురిసిపోయింది. నాకూ గర్వంగానే ఉంది. మా లాడ్జి కౌంటర్ వెనక తాళాల బోర్డు ముందు నిలబడి అంకెలు నేర్చుకున్న పిల్లవి నువ్వు. ఒకసారి ఏడో నంబరు తాళం పట్టుకెళ్ళి నీ బొమ్మ మెళ్ళో వేసుకున్నావు. ఆ రూమ్‌లో దిగిన పెద్దమనిషి తడిపంచెతో గంటసేపు వరండాలో నిలబడ్డాడు. అలాంటిదానివి ఇప్పుడు నలుగురికి బస చూస్తున్నావు.

కానీ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "హోటల్ వాళ్ళతో మాట్లాడిందా?" అని అడిగితే, "ఎందుకురా, కన్ఫర్మ్ అని మెసేజ్ వచ్చిందిగా" అంది మీ అమ్మ. అక్కడ మొదలైంది టెన్షన్. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీ అత్త ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతుంది.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. అందరి ఆధార్ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకో. పాన్ కార్డులో అడ్రస్ ఉండదు, కౌంటర్‌లో ఒప్పుకోరు. రేటు ఎప్పుడూ చివరి పేజీలో చూడు. 7,500 లోపు రూమ్‌కి ఇప్పుడు జీఎస్టీ 5 శాతమే, 2025 సెప్టెంబరు 22కి ముందు 12 ఉండేది. కన్వీనియన్స్ ఫీజు పేరుతో సైట్ వాడు వేసుకునేది వేరు. క్యాన్సిల్ చేస్తే ఏ తేదీ, ఏ గంట దాకా డబ్బు వెనక్కి వస్తుందో చదివి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. పండగ రోజుల్లో అసలు వెనక్కివ్వని హోటళ్ళే ఎక్కువ.

పూరీ విషయం మాత్రం కాస్త విడిగా చెప్పాలి. అక్కడ చాలా హోటళ్ళలో ఉదయం 8కే చెక్-అవుట్, కొన్నిచోట్ల ఇంకా ముందే. నువ్వు సాయంత్రం దిగి "ఒక రోజు" అనుకుంటావు, వాడు తెల్లారేసరికి తలుపు కొడతాడు. స్వర్గద్వార్ దగ్గర అని సైట్‌లో ఉంటే ఏదో పుణ్యక్షేత్రం పక్కనే అని సంబరపడకు. బజారూ, బీచ్ అన్నీ అక్కడే ఉన్న మాట నిజమే, కానీ అది శ్మశానం. సముద్రం కనిపించే బాల్కనీ అని ఎక్కువ డబ్బు కట్టి, పొద్దున్నే కాఫీ గ్లాసుతో మీ అత్తగారు బయటికి వస్తే ఎదురుగా చితి మండుతుంటుంది. ఒడియా వాళ్ళు దాన్ని తప్పుగా అనుకోరు, అక్కడ కాలడం అదృష్టం అంటారు. మీ గుంటూరు వాళ్ళు ఏమంటారో నాకు తెలియదు. ముసలివాళ్ళతో వెళ్తున్నావు కాబట్టి స్టేషన్‌కు దగ్గరగా చక్రతీర్థ రోడ్డు వైపు చూడు. రథం రోజున బొడొదండొ మీదికి, అంటే రథాలు లాగే పెద్ద వీధిలోకి, బళ్ళు రానివ్వరు. ఆ చుట్టుపక్కల హోటలైతే సామాను మోసుకుంటూ ఎంత దూరం నడవాలో చెప్పలేం.

ఇక అసలు సంగతి. నువ్వు డబ్బు కట్టలేదని, "హోటల్‌లో కట్టండి" అనే రకం బుకింగ్ చేశావని మీ అమ్మ చెప్పింది. తెలివైన పని అనుకున్నావు కదా? కౌంటర్ ఇవతల ఇరవై రెండేళ్ళు కూర్చున్నవాడిగా చెబుతున్నాను, సీజన్‌లో మొదట ఎగిరిపోయేది ఆ బుకింగే. డబ్బు కట్టేసిన వాళ్ళకూ పూర్తి భరోసా లేదు. ఎందుకో నేను చేసిన పని చెబితే నీకు అర్థమవుతుంది.

మా లాడ్జిలో 18 రూములు. ఓనర్ గారి అబ్బాయి ఒక సైట్‌తో ఒప్పందం చేసుకొచ్చి 5 రూములు దానికిచ్చాడు. 1,200 రూమ్ మీద నూటికి ఇరవై కమీషన్, అంటే 240 అక్కడే పోతుంది. మిగిలిన 960 కూడా వెంటనే రాదు. కస్టమరు దిగి, ఖాళీ చేసి, వాళ్ళ లెక్కలు తేలాక ఎప్పుడో బ్యాంకులో పడుతుంది. మామూలు రోజుల్లో అదీ మంచిదే, ఖాళీగా ఉండే రూమ్‌కి ఎంత వస్తే అంత. మా బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చిన ఏడు సంగతి వేరు. రెండేళ్ళకోసారి వచ్చే యాత్ర, సూరత్ మిల్లుల్లో పనిచేసే మన గంజాం వాళ్ళంతా ఊరికి వస్తారు, వేషాలు చూడ్డానికి చుట్టాలు దిగుతారు. ఆ రాత్రి తొమ్మిదింటికి హౌస్ ఫుల్. బోర్డు మీద ఒక్క తాళం మిగిలింది, నాలుగో నంబరు. అది సైట్ నుంచి డబ్బు కట్టేసిన బుకింగ్. అప్పుడొకాయన వచ్చి 2,000 నగదు కౌంటర్ మీద పెట్టాడు. బేరం కూడా ఆడలేదు. తాళం తీసి ఇచ్చేశాను.

పదింటికి వచ్చారు వాళ్ళు. సోంపేట వైపు నుంచి, మొగుడూ పెళ్ళాం, ఇద్దరికీ డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడను మర్నాడు పొద్దున్న మెడికల్ కాలేజీలో చూపించాలట. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆసుపత్రి చీటీలతో పాటు నాలుగు మడతలు పెట్టిన ప్రింటవుట్. విప్పి రెండు చేతులతో నాకిచ్చాడు. "మా గుంటడు డబ్బులు కట్టేసినాడు బాబూ" అన్నాడు. నేను చూశాను. పేరు, తేదీ, లాడ్జి పేరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. చూసి, "మాకు ఈ బుకింగ్ రాలేదండీ" అన్నాను.

ఆయన నాతో గొడవ పెట్టుకుని ఉంటే బాగుండేది. ఆయన ఆ కాగితాన్ని దీపం కిందకి తీసుకెళ్ళి, లాడ్జి పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. తరవాత మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళి మా బోర్డు చూసి వచ్చాడు. బోర్డు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. తెలుగులో లేదు. "తప్పు చోటుకి వచ్చేసినట్టున్నాం, ఏమీ అనుకోకు బాబూ" అని ఆవిడ చేయి పట్టుకుని లేపాడు. నాకు క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు చిట్టీ.

పదకొండింటికి రూమ్ బాయ్‌ని కౌంటర్‌లో కూర్చోబెట్టి పాత బస్టాండు దాకా వెతికాను. యాత్ర జనంలో దొరకలేదు. ఇంతకంటే పాడు పని మర్నాడు చేశాను. బుకింగ్ ఏమైందని కంప్యూటర్‌లో రాయాలి కదా. "నో షో" అని కొట్టాను. మనిషి వచ్చాడు, రాలేదని రాశాను. దాంతో ఆయన కొడుకు కట్టిన డబ్బు వెనక్కి పోకుండా మా లాడ్జికే వచ్చింది. ఒకే రూమ్ మీద రెండుసార్లు తిన్నాం. మీ అత్తకు చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నువ్వు ఇంటర్ చదివేటప్పుడు అడిగేదానివి గుర్తుందా, సీజన్ రాత్రుల్లో నా చొక్కా జేబులో తాళం ఎందుకు మావయ్యా అని. అదృష్టం కోసమని చెప్పేవాణ్ణి. అది నాలుగో నంబరు తాళం. రిటైరయ్యేదాకా రద్దీ రాత్రుల్లో పదకొండు దాటితే గానీ దాన్ని బోర్డు మీద పెట్టలేదు.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. రేపే హోటల్‌కు ఫోన్ చెయ్యి. ఒడియాలో మాట్లాడు, "ఆజ్ఞా" అని మొదలుపెడితే అవతలి గొంతే మారిపోతుంది. నా పేరుతో బుకింగ్ మీ రిజిస్టర్‌లో ఉందా, ఏ రకం రూమ్ అని అడుగు. ఉంటే కొంత అడ్వాన్స్ కడతాను, వాట్సాప్‌లో రాసివ్వండి అను. తేదీలు, రాత్రుళ్ళు ఎన్ని, రేటు, చెక్-అవుట్ గంట అన్నీ అందులో ఉండాలి. మీ రైలు దిగే టైమ్ చెప్పు, ఆలస్యమైనా వస్తామని చెప్పు. మాట్లాడిన మనిషి పేరు రాసుకో. వెళ్ళే ముందు రోజు మళ్ళీ ఒకసారి చెయ్యి. కౌంటర్‌లో వాడికి సైట్ పంపిన బుకింగ్ కాగితం, అదే వోచర్, ఒక నంబరు. "మా మామగారికి మోకాళ్ళ నొప్పులండీ, మెట్లు ఎక్కలేరు" అని చెప్పిన గొంతు గుర్తుంటుంది. అలాంటివాళ్ళ తాళం ఇంకొకళ్ళకు ఇవ్వాలంటే నాకూ చెయ్యి వణికేది.

నేరుగా బుక్ చేస్తే తగ్గుతుందా అంటే, ప్రతిసారీ తగ్గదు. సైట్‌లో కంటే తక్కువకు తమ దగ్గర అమ్మకూడదని హోటళ్ళకు షరతులు ఉండేవి. 2022 అక్టోబరులో, వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్, మేక్‌మైట్రిప్-గోఐబిబో బుకింగ్ సైట్లకు 223 కోట్లకు పైగా జరిమానా వేసిన కారణాల్లో ఆ షరతు కూడా ఉంది. అందుకని నువ్వు రేటు దగ్గర పీకులాడకు. అంతే రేటుకు కింది అంతస్తు రూమ్ అడుగు, వెస్టర్న్ టాయిలెట్ ఉందా అడుగు, వేడినీళ్ళు ఎన్నింటి దాకా వస్తాయో అడుగు, టిఫిన్ కలుపుతారా అడుగు. వాడికి కమీషన్ మిగులుతుంది, ఇవ్వగలిగింది ఇస్తాడు. రూమ్ దొరక్కపోతే నీలాద్రి భక్త నివాస్ లాంటి దేవస్థానం బసలు కూడా ఉన్నాయి, కాకపోతే ఇంత ఆలస్యంగా దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకు.

హోటల్‌కు ఫోన్ చేయమన్నాను కదా అని గూగుల్‌లో పైన కనబడ్డ నంబరుకు చేసేయకు. పూరీ హోటళ్ళ పేర్లతో దొంగ సైట్లు పెట్టి, అచ్చం రిసెప్షన్ వాళ్ళలాగే మాట్లాడి అడ్వాన్సులు కొట్టేసేవాళ్ళున్నారు. నీ వోచర్ మీద ఉన్న నంబరూ, మ్యాప్‌లో ఉన్న నంబరూ ఒకటేనా చూడు. 06752తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ ఉంటే ముందు దానికే చెయ్యి. డబ్బు పంపేటప్పుడు యూపీఐలో పేరు కనిపిస్తుంది కదా, అక్కడ హోటల్ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వస్తే ఆగిపో. పంపేశాక తెలిసినా సిగ్గుపడి కూర్చోకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

సైట్లంటే నాకు పగ అనుకోకు. ఆఫీసు పని మీద ఒక్కదానివే ఏ భువనేశ్వర్‌కో వెళ్తే సైట్‌లోనే చేసుకో. ఈ రూమ్ కాకపోతే పక్క హోటల్, నీకు కాళ్ళున్నాయి. వాటిలో జనం పెట్టే ఫొటోలు నాకూ ఇష్టమే, హోటల్ వాడు పెట్టిన ఫొటోలో కనబడని గోడ చెమ్మ అందులో కనబడుతుంది. నాకు భయమల్లా రాత్రి పూట, పరాయి ఊళ్ళో, పక్కన ముసలివాళ్ళు ఉన్నప్పుడు.

ఒకవేళ అక్కడికి వెళ్ళాక "మాకు రాలేదమ్మా" అన్నారనుకో, కౌంటర్ దగ్గర్నుంచి కదలకు. మీ అత్తమామల్ని సోఫాలో కూర్చోబెట్టు, మంచినీళ్ళు అడుగు. అక్కడే నిలబడి సైట్ వాళ్ళకు ఫోన్ చెయ్యి, స్పీకర్ పెట్టు. టైమ్ కనబడేలా రిసెప్షన్ ఫొటో తియ్యి. నువ్వు బయటికి వెళ్ళిపోతే నాలాంటివాడు ఏం కొడతాడో చెప్పాను కదా. సైట్ వాళ్ళు వేరే రూమ్ చూపించడమో, డబ్బు తిరిగివ్వడమో తేలేదాకా గడప దాటకు. తరవాత తగాదా అయితే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ ముసలాయనకు ఇవేవీ తెలియవు. తెలిసినా ఆయన అడిగేవాడని నాకు అనిపించదు.

తిట్టినట్టున్నానా? మీ అత్త చదివి "పిల్లను భయపెడుతున్నావు" అంటోంది. నువ్వు భయపడే రకం కాదని నాకు తెలుసు, అదే నా భయం.

మీ బండి బరంపురంలో ఆగుతుంది. బోగీ నంబరు పంపు, ప్లాట్‌ఫారం మీదికి వస్తాను. మీ అత్త పులిహోర చేస్తానంటోంది, తిరుగు ప్రయాణంలో అప్పడాలు కట్టిస్తుందట. మీ అత్తగారు పులుపు తింటారో లేదో కనుక్కుని చెప్పు. హోటల్‌లో మాట్లాడిన మనిషి పేరు రాసుకోమన్నాను కదా, ఆ పేరూ, హోటల్ నంబరూ నాకూ పంపు. ముందు రోజు నేను కూడా ఒకసారి ఫోన్ చేస్తాను. చేయొద్దని మాత్రం అనకు.

మీ
మావయ్య