యాంటీబయాటిక్ రాసేది డాక్టరే, మరి నర్సు చేతిలో ఏముంది?

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదువుతున్నానని చెప్పి మీరు అడిగింది ఇదీ: "డాక్టరుగారు రాసిన ఇంజక్షన్ చెయ్యడమేగా మన పని, యాంటీబయాటిక్స్ జాగ్రత్తగా వాడటంలో నర్సు పాత్ర ఏముంటుందండీ?" నేను కోనసీమలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. వార్డులో రోజూ చూసేదే చెప్తాను.

ఏ మందు వాడాలో తేల్చేది డాక్టరే. కానీ అది రాసే ముందు ఆయనకి తెలియాల్సిన సంగతులు ముందుగా మన చెవిన పడతాయి. మా వైపు జ్వరం రాగానే పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లు తక్కువ. ముందు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూదులు పడిపోతాయి. రౌండ్స్‌లో డాక్టరుగారు అడిగితే తిడతారేమోనని "ఏం వాడలేదండీ" అంటారు. ఆయన పక్క బెడ్డుకి వెళ్లాక, క్యాన్యులాకి (నరంలో పెట్టే సన్న గొట్టానికి) ప్లాస్టర్ వేస్తూ "ఇంటి దగ్గర సూదేమైనా వేయించారా పెద్దమ్మా?" అని అడిగి చూడండి. "ఆయ్, రెండు పూటలా వేశాడండీ, తెల్లపొడిలో నీళ్లు కలిపి" అని అప్పుడు బయటికొస్తుంది. తెల్లపొడి అంటే ఏదైనా కావచ్చు. అందుకే ఖాళీ వయల్ (ఇంజక్షన్ మందు సీసా) గానీ, స్ట్రిప్ గానీ ఇంట్లో ఉంటే ఫోన్లో ఫొటో తీసి పంపించమంటాను. అది కేస్ షీట్‌లో రాసి, డాక్టరుకి నోటితో కూడా చెప్పాలి. రేపు కల్చర్‌లో (రక్తం లాంటివాటిలో క్రిములు పెరుగుతాయేమో చూసే ల్యాబ్ పరీక్షలో) ఏమీ పెరగకపోతే, ఇన్ఫెక్షన్ లేకనా, ముందే మందు పడిపోయినందుకా అన్నది ఈ ఒక్క ముక్క మీదే ఆధారపడుతుంది.

"పెన్సిలిన్ పడదండీ" అన్నా అంతే. ఏమైందో అడగాలి. వాంతులయ్యాయంటే ఒకటి, ఒళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలేదంటే ఇంకొకటి. ఊరికే "అలర్జీ" అని రాసేస్తే మంచి మందు ఒకటి ఆ మనిషికి జన్మంతా దూరమైపోతుంది.

బ్లడ్ కల్చర్ మొదటి డోసుకి ముందే తీయాలి, వీలైతే రెండు చోట్ల నుంచి. పెద్దవాళ్లకి ఒక్కో సీసాకి 8–10 ఎం.ఎల్. రక్తం కావాలి. చర్మం మీద రాసిన మందు ఆరకుండా సూది గుచ్చితే చర్మం మీది క్రిములు సీసాలోకి పోతాయి, తర్వాత ఆ రిపోర్టు చూసి అక్కర్లేని యాంటీబయాటిక్ మొదలవుతుంది. అయితే పేషెంట్ బీపీ పడిపోయి షాక్‌లో ఉంటే కల్చర్ కోసం మందు ఆపకూడదు. గంటలోపు మొదటి డోసు పడాల్సిందే.

ఇక పుస్తకాల్లో పెద్దగా కనపడనిది ఐవీ సెట్ (సెలైన్ ఎక్కించే గొట్టం) సంగతి. 100 ఎం.ఎల్. సెలైన్‌లో మెరోపెనెం అనే యాంటీబయాటిక్ కలిపి పెడతాం. సీసా ఖాళీ కాగానే సెట్ తీసేస్తారు చాలామంది. గొట్టంలో ఇంకా 15–20 ఎం.ఎల్. మిగిలే ఉంటుంది, అంటే డోసులో ఐదో వంతు దాకా చెత్తబుట్టలోకి! ఛార్టులో మాత్రం పూర్తి డోసు ఇచ్చినట్టే టిక్. కొంచెం సెలైన్ పంపి ఆ గొట్టాన్ని ఖాళీ చెయ్యడానికి పట్టేది కాసేపే. ఇలాగే వాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ గ్రాము డోసుని గంటకంటే తొందరగా ఎక్కిస్తే మొహం, మెడ ఎర్రబడి దురద పుడుతుంది. అది చాలాసార్లు మన స్పీడు వల్ల వచ్చిందే, అలర్జీ కాదు. టైము కూడా మన చేతిలోదే: 8 గంటలకోసారి అంటే 6, 2, 10. రాత్రి పది డోసు దగ్గర "పడుకున్నాడమ్మా, పొద్దున్న చెయ్యండి" అంటారు అటెండెంట్లు. ఒప్పుకోకండి.

ఇంజక్షన్ నుంచి మాత్రకి మార్చే సమయం వచ్చిందని ముందు కనిపెట్టేదీ మనమే. జ్వరం తగ్గింది, ఇడ్లీ తింటున్నాడు, వాంతుల్లేవు అంటే డాక్టరుకి గుర్తు చెయ్యాలి. ఇంటివాళ్లేమో "ఇంజక్షన్ ఆపేస్తే ఎలాగండీ" అని టెన్షన్ పడతారు. భీమవరం వైపు చెరువులున్న రైతు ఒకాయన ఇలాగే గొడవ పడ్డాడు. "రొయ్యల్లో యాంటీబయాటిక్ దొరికితే విదేశాల నుంచి కంటైనర్ వెనక్కి పంపుతారు కదండీ, మరి మనిషికి అవసరం తీరాక ఎందుకు?" అని నేనంటే నవ్వేసి ఊరుకున్నాడు. 2019లో కేంద్రం చేపలు, రొయ్యలు, కోళ్ల పెంపకంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని నిషేధించిందని కూడా ఆయనకి తెలుసు. ఐసీయూలో వేరే దారి లేనప్పుడు వాడే మందు అది.

డాక్టరుతో ఎలా చెప్పాలన్నది మీ అసలు భయం అనుకుంటాను. డోసు మార్చడం, ఆపడం మనంతట మనం చెయ్యకూడదు. అడగొచ్చు. మూడో రోజు రౌండ్స్‌కి ముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి కల్చర్ రిపోర్టు తెప్పించి షీట్‌కి పిన్ చేసి పెట్టండి. "సార్, రిపోర్టు వచ్చింది, ఇదే కంటిన్యూ చేద్దామా?" అంటే చాలు. విసుక్కునేవాళ్లూ ఉంటారు, కాదనను. కానీ రిపోర్టు ఎదురుగా ఉంటే చూడకుండా వెళ్లిపోయే డాక్టరు అరుదు.