ఆసుపత్రి విస్తరణలో సగం ఇల్లు పోతోంది, చెక్కు తీసుకోవచ్చా?

ప్రశ్న: జిల్లా కేంద్రంలో ప్రభుత్వ ఆసుపత్రిని ఆనుకుని 180 గజాల్లో మా నాన్నగారు కట్టిన రెండంతస్తుల ఇల్లు ఉంది. కింద మేముంటాం. పైన నాలుగు గదులు రోగుల వెంట వచ్చేవారికి అద్దెకిస్తాం. ఆసుపత్రి కొత్త బ్లాకు, సిబ్బంది క్వార్టర్ల కోసం ముందువైపు 110 గజాలు తీసుకుంటున్నారు. మెట్లు, బోరు అందులోనే ఉన్నాయి. నాన్నగారు పోయి ఆరేళ్లయింది. పరిహారం ఖరారు చేస్తూ అవార్డు ఇచ్చి మూడు నెలలైందట, మేమెవరం వెళ్లలేదు. 26 రోజుల క్రితం నాన్నగారి పేరుతోనే రిజిస్టర్డ్ పోస్టులో అవార్డు నోటీసు వస్తే అమ్మ తీసుకుంది. గజం ధర మరీ తక్కువ కట్టారు. ‘సంతకం పెట్టి చెక్కు తీసుకోండి, కోర్టు సంగతి తర్వాత చూద్దాం, పక్క స్థలానికి ఎక్కువ ధరతో ఓ దస్తావేజు నేను పుట్టిస్తా’ అంటున్నాడొక మధ్యవర్తి. అమ్మ ఈ ఇల్లు వదలనని ఏడుస్తోంది. చెల్లికి పెళ్లయిపోయింది, తనకు సంబంధం లేదు. హైకోర్టులో స్టే వస్తుందా?

జవాబు: మీ ఉత్తరంలో పనికొచ్చే ముక్క ఒక్కటే. నోటీసు అంది 26 రోజులైంది. 2013 భూసేకరణ చట్టం 64వ సెక్షన్ కింద, అవార్డు ఇచ్చేటప్పుడు హాజరు కానివారు నోటీసు అందిన ఆరు వారాల్లోగానీ, అవార్డు తేదీ నుంచి ఆరు నెలల్లోగానీ, ఏ గడువు ముందు ముగిస్తే ఆలోగా రిఫరెన్స్ (పరిహారం వివాదాన్ని తేల్చే భూసేకరణ అథారిటీకి పంపడం) కోరుతూ కలెక్టర్‌కు దరఖాస్తు ఇవ్వాలి. ఆరు వారాలంటే 42 రోజులు. మీరు ఉత్తరం రాసేనాటికి మిగిలినవి 16. ఇది చదివేసరికి ఇంకా తగ్గుతాయి. గడువు దాటాక మరో ఏడాది వరకు దరఖాస్తు స్వీకరించే అధికారం కలెక్టర్‌కు ఉంది కానీ, తగిన కారణం రుజువు చేయాలి. అమ్మగారి కన్నీళ్లు ఆ కారణం కిందికి రావు. నోటీసు వచ్చిన కవరు పారేయకండి. దాని మీది తపాలా ముద్రే మీ గడువుకు సాక్ష్యం.

ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకు 60 రోజులిచ్చారు, మీరు కదల్లేదు. అవార్డు విచారణకు పిలిచారు, పోలేదు. నోటీసు నాన్నగారి పేరుతో వచ్చింది కాబట్టి మనకు తగలదనుకున్నట్టున్నారు. పోయినవారి పేరుతో వచ్చినా ఇంట్లోవాళ్లు సంతకం పెట్టి తీసుకున్నాక మాకు తెలియదంటే నిలవదు.

స్టే సంగతి. ప్రభుత్వ ఆసుపత్రి ఈ చట్టం ప్రకారం ప్రజా ప్రయోజనమే. మౌలిక వసతుల ప్రాజెక్టుల నిర్వచనం నుంచి ప్రైవేటు ఆసుపత్రులను చట్టమే మినహాయించింది గనుక, నోటిఫికేషన్‌లో భూమి ఎవరి కోసమని రాశారో ఓసారి చూడండి. తేదీలు కూడా చూడండి. 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్‌కూ 19వ సెక్షన్ డిక్లరేషన్‌కూ (భూమి తీసుకుంటున్నామన్న తుది ప్రకటన) మధ్య 12 నెలలు, డిక్లరేషన్‌కూ అవార్డుకూ మధ్య 12 నెలలు దాటి ఉండి, పొడిగింపు ఉత్తర్వులు లేకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్‌కు బలం ఉంటుంది. లేదంటే ఆ ఖర్చు దండగ. పైగా రిట్ వేసినంత మాత్రాన 64వ సెక్షన్ గడువు ఆగదు. హైకోర్టు చుట్టూ తిరుగుతూ దీన్ని పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఇక ఆ మధ్యవర్తి మాట. ఆయన చెప్పిన దారిలో మీరు రెండు చోట్ల మునుగుతారు. ఒకటి, ఆ సంతకం. 77వ సెక్షన్ ప్రకారం అభ్యంతరం తెలపకుండా సొమ్ము తీసుకున్నవారికి రిఫరెన్స్ కోరే హక్కు లేదు. ‘పూర్తి సమ్మతితో ముట్టింది’ అని అచ్చేసిన రసీదు మీద సంతకం పెడితే తర్వాత చూసుకోవడానికి ఏమీ మిగలదు. అదే సమ్మతి ఒప్పందమైతే మరీ ప్రమాదం, ధరకు మీరే ఒప్పుకున్నట్టు. రిఫరెన్స్ దరఖాస్తు పెట్టడమే అభ్యంతరం తెలిపినట్టని 1994లో అజిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1894 నాటి పాత భూసేకరణ చట్టం కింద చెప్పింది. అది జారిపడ్డవాడికి ఆసరా. దాన్ని నమ్ముకుని కావాలని జారిపడకూడదు. రెండు, పుట్టించే దస్తావేజు. నోటిఫికేషన్ తర్వాత రాసిన దస్తావేజు లెక్కలోకే రాదు. పాత తేదీతో సృష్టిస్తే ఫోర్జరీ, మీ మీదే క్రిమినల్ కేసు. దాంతో మీ దగ్గరున్న నిజమైన కాగితాలనూ ఎవరూ నమ్మరు.

అలాగని డబ్బు వద్దనకండి. మీరు తీసుకోకపోతే అథారిటీ దగ్గర జమ చేస్తారు, స్వాధీనం మాత్రం ఆగదు. ముందుగా అభ్యంతరం తెలుపుతూ కలెక్టర్‌కు లేఖ ఇచ్చి ముద్ర వేయించుకోండి. తర్వాత రసీదు మీద సంతకానికి పైన చేత్తో ఇలా రాయండి: ‘64వ సెక్షన్ కింద మా హక్కులకు భంగం లేకుండా, అభ్యంతరం తెలుపుతూ (అండర్ ప్రొటెస్ట్) స్వీకరిస్తున్నాం’. రాయనివ్వకపోతే సంతకం పెట్టకండి. రసీదు ఫొటో తీసుకోకుండా బయటికి రాకండి.

చెల్లెలికి సంబంధం లేదనడం తప్పు. నాన్నగారు వీలునామా రాయకపోతే, ఆయన సొంత ఆస్తిలో అమ్మ, మీరు, చెల్లెలు తలా మూడో వంతు హక్కుదారులు. తెల్లకాగితం మీద రాయించుకున్న హక్కు విడుదల చెల్లదు, రిజిస్టర్ కావాలి. ఆవిడ అభ్యంతరం పెట్టిందంటే సొమ్మంతా పంపకం తేలేదాకా అథారిటీ దగ్గరే ఉంటుంది. దరఖాస్తు మీద ముగ్గురూ సంతకం చేయండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం ఆగొద్దు. మరణ ధ్రువపత్రం జతచేసి దరఖాస్తు వేసేయండి, ఆ సర్టిఫికెట్ తర్వాత ఇవ్వవచ్చు.

దరఖాస్తులో అవార్డు నంబరు, సర్వే నంబరు, ఇంటి నంబరు, విస్తీర్ణం ఉండాలి. కొలత, ధర, సొమ్ము ఎవరికి చెందాలి, పంపకం, పునరావాస హక్కులు అన్నింటి మీదా అభ్యంతరం రాయండి. ధర ఒక్కటే రాసి ఊరుకుంటే మిగతావాటికి తర్వాత పెనుగులాడాలి. ఇన్‌వార్డులో తేదీ ముద్ర వేయించుకుని, ఒక ప్రతి రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. కలెక్టర్ 30 రోజుల్లో అథారిటీకి పంపాలి. పంపకపోతే మీరే నేరుగా అథారిటీని ఆశ్రయించవచ్చు.

ధరకు సాక్ష్యం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే ఉంది. 26వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల అమ్మకాల సగటు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. నోటిఫికేషన్‌కు ముందు మూడేళ్లలో మీ వీధిలో, పక్క వీధుల్లో రిజిస్టరైన దస్తావేజులు తీయించండి. 14 దొరికాయనుకోండి, గజం ధర ప్రకారం పేర్చి, పై ఏడింటికి మాత్రమే సగటు కట్టాలి. చాలా లెక్కలు ఇక్కడే తప్పుతాయి, 14కీ కలిపి సగటు కట్టేస్తారు. అపార్ట్‌మెంట్ ఫ్లాట్ల దస్తావేజులు కలపకండి, అవి ఖాళీ స్థలం ధరకు పోలిక కావు. జిరాక్సులు చాలవు, ధ్రువీకరించిన నకళ్లే కావాలి. గజానికి రూపాయి పెరిగితే నూరు శాతం సొలేషియంతో (ధరకు పైన ఊరటగా ఇచ్చే అదనపు సొమ్ము) చేతికొచ్చేది రెండు రూపాయలు. పెరిగిన మొత్తానికి స్వాధీనం నాటి నుంచి మొదటి ఏడాది 9 శాతం, ఆపైన 15 శాతం వడ్డీ కూడా ఉంటుంది.

ఇంటి విలువకు ఇంజినీర్ల అంచనా నకలు సమాచార హక్కు కింద అడగండి. అంతస్తుల విస్తీర్ణం, మెట్లు, బోరు, సంపు, ప్రహరీ ఉన్నాయో లేదో, తరుగుదల ఎంత కొట్టారో సరిచూడండి. కూల్చకముందే మీ తరఫున ఒక వాల్యుయర్‌తో కొలిపించి నివేదిక తీసుకోండి. ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. ఇల్లు నేలమట్టమయ్యాక కొలవడానికి ఏమీ ఉండదు.

అద్దె గదుల ఆదాయ నష్టం 28వ సెక్షన్ కింద అడగవచ్చు. కానీ రసీదు పుస్తకం ఉందా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఫోన్‌పేలో పడ్డ మొత్తాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, గదుల మీటర్ల కరెంటు బిల్లులు, బస చేసినవారి పేర్లు రాసిన పుస్తకం ఉంటే పోగుచేయండి. నోటిమాటతో ఈ పద్దు రాదు.

మీరు అడగనిది, మీకు అన్నిటికన్నా పనికొచ్చేది 94వ సెక్షన్. ఇంట్లో కొంత భాగమే తీసుకోవడం యజమానికి ఇష్టం లేకపోతే, తీసుకుంటే మొత్తం తీసుకోవాలని పట్టుబట్టవచ్చు. మెట్లు లేని మేడ, బోరు లేని 70 గజాలు మీకెందుకు? రేపు మళ్లీ కట్టబోతే సెట్‌బ్యాక్‌లకే (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) సగం పోతుంది. స్వాధీనం చేసుకోకముందే కలెక్టర్‌కు విడిగా లేఖ ఇవ్వండి. ఆ భాగం ఇంటిలోదా కాదా అని వివాదం వస్తే అథారిటీ తేల్చేదాకా స్వాధీనం చేసుకోకూడదని ఆ సెక్షనే చెబుతోంది. మీరు అడిగిన స్టేకు దగ్గరగా ఉండేది ఇదే. మొత్తం తీసుకోరని తేలితే, మిగిలిన భాగం విలువ పడిపోయినందుకు నష్టం ఇవ్వాలని ప్రత్యామ్నాయంగా అదే లేఖలో రాయండి.

ఇంత చెప్పినా గడువు దాటిపోతే చివరి దారి 73వ సెక్షన్. అదే నోటిఫికేషన్‌లో ఉన్న మరొకరికి అథారిటీ పరిహారం పెంచితే, రిఫరెన్స్ కోరనివారు కూడా ఆ తీర్పు వచ్చిన మూడు నెలల్లోగా కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ వీధిలో రిఫరెన్స్ వేసినవారి కేసు నంబరు ఇప్పుడే రాసి పెట్టుకుని, నెలకోసారి దాని స్థితి చూస్తుండండి.