దిగుమతుల సాయం కోసం ఆగకండి, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: న్యూజెర్సీలో చిన్న ఎలక్ట్రిక్ మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీలో 2014 మార్చి నుంచి పనిచేశాను. వయసు 52, గ్రీన్‌కార్డు ఉంది. చైనా మోటార్లు మా ధరలో సగానికే దొరుకుతున్నాయంటూ ఫ్యాక్టరీ మూసేశారు. 2025 ఆగస్టు 4న నోటీసు ఇచ్చి, సెప్టెంబర్ 26న 140 మందినీ పంపేశారు. నాకు గంటకు 27 డాలర్లు, వారానికి 40 గంటలు. పిల్లల పుట్టినరోజులు కూడా వదులుకుని షిఫ్టులు చేశాను. దిగుమతుల వల్ల ఉద్యోగం పోయినవాళ్లకు టీఏఏ అనే ప్రభుత్వ సాయం ఉందని ఒక పాత సహోద్యోగి చెప్పాడు. అది వస్తుంది కదా అని మూడు వారాలైనా అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి (నిరుద్యోగ భృతికి) అప్లై చేయలేదు. ఆరు వారాల జీతం ఇస్తాం, శుక్రవారంలోగా సంతకం పెట్టమని కంపెనీ ఒక కాగితం పంపింది. ఈలోగా మా బావమరిది గ్యాస్ స్టేషన్‌లో క్యాష్‌కి పనిచేయవచ్చా? టీఏఏకి ఎలా అప్లై చేయాలి?

జవాబు: మీ ఫ్యాక్టరీ మూతకు కారణం చైనా మోటార్లని రాశారు. మీకు రావలసిన డబ్బును నిర్ణయించేది మాత్రం అది కాదు. మీకు నోటీసు అందిన తేదీ, చివరి పనిరోజు, ఎంతమందిని తీసేశారు అన్న సంఖ్య, మీ సర్వీసు, జీతం, ఇవే.

ముందు టీఏఏ సంగతి. 1962లో కెనెడీ హయాంలో మొదలై, 1974 ట్రేడ్ యాక్ట్‌లో స్థిరపడిన పథకం అది. ముగ్గురు కార్మికులు కలిసి పిటిషన్ వేసినా ఫెడరల్ కార్మిక శాఖ విచారణ జరిపి, ఆ కార్మికులు సాయానికి అర్హులని సర్టిఫికేషన్ ఇచ్చేది. మీ సహోద్యోగి చెప్పింది అబద్ధం కాదు, పాత మాట. గడువు పొడిగించకపోవడంతో 2022 జులై 1 నుంచి కొత్త పిటిషన్ల విచారణ, కొత్త సర్టిఫికేషన్లు ఆగిపోయాయి. 2022 జూన్ 30లోపు ఉద్యోగం పోయి, అప్పటికే సర్టిఫికేషన్ పరిధిలో ఉన్నవాళ్లకే ఆ ప్రయోజనాలు మిగిలాయి. మీ ఉద్యోగం పోయింది 2025లో. ఫీజు తీసుకుని మీ టీఏఏ పిటిషన్ నింపిపెడతామని ఎవరైనా అంటే ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి.

లేని పథకం కోసం ఉన్న హక్కును మూడు వారాలు పక్కన పెట్టారు. ఇది మీరు చేసిన పెద్ద పొరపాటు. న్యూజెర్సీలో అన్‌ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్ మీరు అప్లై చేసిన వారంలోని ఆదివారం నుంచి మొదలవుతుంది, ఉద్యోగం పోయిన రోజు నుంచి కాదు. వారం జీతంలో సుమారు 60 శాతం వస్తుంది. మీ 1,080 డాలర్లకు అది 648. అంటే మూడు వారాలకు 1,944 డాలర్లు వదిలేసుకున్నారు. సరైన కారణం చూపిస్తే వెనక్కి లెక్కించమని అడగవచ్చు గానీ, ఇంకో పథకం వస్తుందనుకున్నాను అనేది బలమైన కారణం కాదు. ఇది చదివిన రోజే అప్లై చేయండి. అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకుంటే గ్రీన్‌కార్డుకో, రేపటి సిటిజన్‌షిప్‌కో ఇబ్బందవుతుందన్న భయం పెట్టుకోకండి. అది పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీదే బతికే వ్యక్తి) కింద లెక్కకు రాదు.

ఇక అసలు కేసు. సామూహిక తొలగింపులకు ముందే నోటీసు ఇవ్వాలనే న్యూజెర్సీ వార్న్ చట్టం 2023 ఏప్రిల్ 10 నుంచి మారింది. మొత్తం 100 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీ, మూడేళ్లకు మించి నడిచిన ఫ్యాక్టరీని మూసి 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మందిని తీసేస్తే 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు సరిగ్గా ఇచ్చినా సరే, పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు ఒక వారం జీతం సెవరెన్స్‌గా (తొలగింపు పరిహారంగా) ఇచ్చి తీరాలి. నోటీసు 90 రోజులకు తగ్గితే దానిపైన మరో నాలుగు వారాలు. అగ్నిప్రమాదం, వరద, యుద్ధం వంటివాటికి మినహాయింపు ఉంది. విదేశీ పోటీకి లేదు.

ఆగస్టు 4 నుంచి సెప్టెంబర్ 26కి 53 రోజులు. కాబట్టి మీ లెక్క ఇది: 11 పూర్తి సంవత్సరాలకు 11 వారాలు, అంటే 11,880 డాలర్లు. నోటీసు తక్కువైనందుకు నాలుగు వారాలు, 4,320. మొత్తం 16,200. కంపెనీ ఇస్తానంటున్నది 6,480. పన్నెండో ఏడాదిలో చేసిన ఆరు నెలలకు ఏమీ రాదు, అది అడగకండి. ఫెడరల్ వార్న్ చట్టం కింద 60 రోజుల నోటీసులో మీకు ఏడు రోజులు తగ్గింది. అయితే దాని కింద ఇచ్చే జీతం ఈ సెవరెన్స్‌లోనే జమవుతుంది, రెండూ కలిపి కూడకండి. వారం రేటు విషయంలో, చివరి రేటుకూ గత మూడేళ్ల సగటుకూ మధ్య ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. యూనియన్ ఒప్పందం ఇంతకంటే ఎక్కువ ఇస్తే అదే వర్తిస్తుంది.

కంపెనీ ఆ కాగితం పంపింది 16,200కీ 6,480కీ మధ్య ఉన్న ఈ తేడా కోసమే. చట్టం ఇచ్చే సెవరెన్స్‌ను వదులుకుంటున్నానని మీరు రాసిచ్చినా, రాష్ట్ర కార్మిక కమిషనర్ గానీ కోర్టు గానీ ఆమోదించకపోతే అది చెల్లదు. చెల్లదు కదా అని సంతకం పెట్టి 6,480 తీసుకుంటే, మిగతా 9,720 కోసం ఆ కాగితంతోనే పోట్లాడాల్సి వస్తుంది. మీకు 40 దాటింది కాబట్టి ఇంకో రక్షణ ఉంది. సామూహిక తొలగింపులో వయసు వివక్షపై కేసు వేసే హక్కు వదులుకోమని అడిగితే, ఆలోచించడానికి 45 రోజులు, సంతకం తర్వాత వెనక్కి తీసుకోవడానికి ఏడు రోజులు ఇవ్వాలి. శుక్రవారం గడువు ఆ నిబంధన ముందు నిలబడదు.

గ్యాస్ స్టేషన్ పని గురించి గట్టిగానే చెప్పాలి. అన్‌ఎంప్లాయ్‌మెంట్ తీసుకుంటూ క్యాష్ పని దాచిపెడితే అది మోసం కింద వస్తుంది. తీసుకున్నది తిరిగి కట్టడంతో పాటు 25 శాతం జరిమానా, ఏడాది పాటు అనర్హత. బావమరిది కూడా పేరోల్ పన్నులు ఎగ్గొట్టినట్టు ఇరుక్కుంటాడు. దాచాల్సిన అవసరం కూడా లేదు. వారానికి 648 వచ్చే మీకు పాక్షిక పని చేస్తే పరిమితి 20 శాతం పెరిగి 777 అవుతుంది. పేరోల్‌పై 200 డాలర్లు సంపాదిస్తే, 577 బెనిఫిట్ వస్తుంది. పన్నులకు ముందు మొత్తాన్ని, చెక్కు అందిన వారంలో కాదు, పనిచేసిన వారంలో చూపించండి.

సాక్ష్యాలు ఈ రోజే సర్దుకోండి. నోటీసు ఉత్తరం, అది వచ్చిన కవరు లేదా ఈమెయిల్, చివరి ఏడాది పేస్టబ్‌లు (జీతం రసీదులు), 2014 నుంచి డబ్ల్యూ-2లు (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్నుల పత్రాలు). ఆ తొలి డబ్ల్యూ-2 మీద యజమాని పేరు చూడండి. మొదట్లో టెంప్ ఏజెన్సీ (తాత్కాలిక కార్మికులను పంపే సంస్థ) పేరోల్‌లో ఉండి ఉంటే ఆ ఏళ్లు మావి కావని కంపెనీ అంటుంది, అలాంటప్పుడు బ్యాడ్జి, సూపర్‌వైజర్ మెసేజ్‌లు పనికొస్తాయి. రాష్ట్ర కార్మిక శాఖ ప్రచురించే వార్న్ నోటీసుల జాబితాలో మీ ఫ్యాక్టరీ పేరు, తేదీ, సంఖ్య ఏమని ఉన్నాయో చూసి ప్రింట్ తీసుకోండి. కంపెనీ అక్కడ చెప్పింది, ఇక్కడ మీకు చెప్పింది ఒకటి కాకపోతే అదే మీకు బలం. తర్వాత 16,200 డాలర్ల లెక్కతో సర్టిఫైడ్ మెయిల్‌లో, రసీదు తిరిగివచ్చేలా డిమాండ్ లెటర్ పంపండి. 140 మందికీ ఒకటే సమస్య కాబట్టి ఒకే ఎంప్లాయ్‌మెంట్ లాయర్ దగ్గరకు కలిసి వెళ్లండి. గెలిస్తే కంపెనీయే లాయర్ ఫీజు భరించాలని చట్టంలో ఉంది.

శిక్షణ కావాలంటే దిగుమతులతో సంబంధం లేని దారి ఉంది. వన్‌స్టాప్ కెరీర్ సెంటర్‌లో (ప్రభుత్వ ఉపాధి కేంద్రంలో) డిస్‌లొకేటెడ్ వర్కర్‌గా, అంటే తొలగింపుకు గురైన కార్మికుడిగా నమోదు చేయించుకోండి. కోర్సు వాళ్ల అర్హత జాబితాలో ఉండాలి, చేరకముందే ఆమోదం రావాలి. ముందే ఫీజు కట్టేసి తర్వాత రీయింబర్స్‌మెంట్ అడిగితే రాదు. ఆమోదించిన శిక్షణలో ఉన్నవాళ్లకు ఏబీటీ పేరుతో 26 వారాల వరకు అదనపు బెనిఫిట్ ఉంది. అర్హత చూడమని అన్‌ఎంప్లాయ్‌మెంట్ నడుస్తుండగానే అడగండి. హెల్త్ ఇన్సూరెన్స్ ఆగిపోయి ఉంటే, ఆగిన రోజు నుంచి 60 రోజుల్లోపు రాష్ట్ర ఇన్సూరెన్స్ మార్కెట్ అయిన గెట్ కవర్డ్ ఎన్‌జేలో చేరాలి. కంపెనీ ప్లానే రద్దయితే కోబ్రా (సొంత ఖర్చుతో పాత కంపెనీ ప్లాన్‌లో కొనసాగే వీలు) దొరకదు.

మూతపడ్డ కంపెనీ దివాలా కోర్టుకు వెళ్లడం మామూలే. అందుకని ఇంటికొచ్చే ఏ కోర్టు కవరూ తెరవకుండా పక్కన పడేయకండి. అందులో క్లెయిమ్ దాఖలుకు చివరి తేదీ ఉంటుంది. ఆలోగా మీకు రావలసిన బాకీని తెలిపే ఫారం 410 నింపి పంపాలి. దివాలాకు ముందు 180 రోజుల్లో సంపాదించిన జీతం, సెవరెన్స్‌లకు 2025 ఏప్రిల్ నుంచి 17,150 డాలర్ల దాకా ప్రాధాన్యం ఉంది. మీ 16,200 ఆ పరిమితిలోనే ఉంది కాబట్టి, ఫారంలో ప్రాధాన్య వేతనాల గడిలో టిక్ పెట్టడం మరవకండి.